నలుగురు ఆడవాళ్ల జట్టుతో నాలుగు రోజుల అడ్వెంచర్ రేస్: మనవైపు సాధన ఎలా చేయాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. నేను అనంతపురం దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. నాతో కలిపి నలుగురం వచ్చే ఏడాది ఉత్తరాఖండ్ కొండల్లో జరిగే నాలుగు రోజుల అడ్వెంచర్ రేసులో మహిళల విభాగంలో దిగాలని నిశ్చయించుకున్నాము. కొండదారుల్లో నడక, మట్టిబాటల మీద సైకిలు, నదిలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని పడవ), ఒకటి రెండు చోట్ల తాడు సాయంతో కొండచరియ దిగడం, ఇవన్నీ రాత్రింబవళ్లు గడియారం ఆగకుండా సాగుతాయి. ఎక్కడ తినాలో, ఎంతసేపు కునుకు తీయాలో జట్టే తేల్చుకోవాలి. జీపీఎస్ వాడకూడదు, నిర్వాహకులిచ్చే పటమూ దిక్సూచీ మాత్రమే ఆధారం. నలుగురూ విడిపోకుండా కలిసే ప్రతి చెక్‌పోస్టూ దాటాలి, ఒక్కరు మధ్యలో ఆగిపోయినా జట్టుకు స్థానం దక్కదు.

మాలో ఒకరు స్టాఫ్ నర్సు. ఒకరు కడపలో బ్యాంకు ఉద్యోగిని, సెలవు దొరికితే సైకిలు మీద వంద కిలోమీటర్లు తిరిగి వస్తారు. నాలుగో అమ్మాయి పెనుకొండ దగ్గరి పల్లెలో సేద్యం చేసుకునే ఇంటి పిల్ల, ఒకప్పటి నా విద్యార్థిని. కొండ ఎక్కడంలో మేమెవ్వరమూ ఆమెను అందుకోలేము. పోయిన నెల పెనుకొండ కోట కొండను రాత్రంతా ఎక్కుతూ దిగుతూ సాధన చేశాము. రెండోసారి దిగేటప్పుడే మా నర్సుకు మోకాలు పట్టేసిందట. నాలుగోసారి దిగుతూ ఒక బండ మీద కూర్చుండిపోయేదాకా ఆమె నోరు విప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ‘నా వల్ల మీరంతా ఆగిపోతారని’ అన్నది. ఆమెను చెరోవైపు పట్టుకుని కిందికి దించేసరికి తెల్లవారింది.

పెద్దల్ని అడగదలచినవి మూడు. నలుగురూ ఆడవాళ్లే అయితే కష్టమనీ, పటం చూడడానికైనా ఒక మగమనిషిని కలుపుకొమ్మనీ చుట్టాలూ, అనుభవమున్న కొందరు రన్నర్లూ అంటున్నారు; నిజమేనా? నాలుగు రకాల వేగాలున్న మేము ఒక్క జట్టుగా ఎలా నడవాలి? నీళ్లే కరువైన మా జిల్లాలో కయాక్ ఎక్కడ నేర్చుకోవాలి?

మొదటి జవాబు (కర్నూలు నుంచి)

టీచరు గారూ, మగమనిషి సంగతి ముందు తేల్చుకుందాము. ఈ ఆటలో స్త్రీ పురుషులు కలిసిన జట్టు అన్నది మొదటినుంచీ ఉన్న పద్ధతి. 1989లో న్యూజిలాండ్‌లో మొదలైన రెయిడ్ గోలువాజ్ అనే పోటీలో ఐదుగురి జట్టులో ఒక స్త్రీ అయినా ఉండాలన్నారు. నేటి అడ్వెంచర్ రేసింగ్ ప్రపంచ సిరీస్‌లో కూడా ప్రధాన విభాగమంటే స్త్రీ పురుషులు కలిసిన నలుగురి జట్టే. 2019లో ఫిజీలో 671 కిలోమీటర్ల ఎకో ఛాలెంజ్ అనే పోటీ జరిగినప్పుడు మన దేశం నుంచి వెళ్లిన ఖుకురి వారియర్స్ కూడా అలాంటి జట్టే, అందులో ఎవరెస్టు ఎక్కిన కవల అక్కచెల్లెళ్లు తాషి, నుంగ్షి మలిక్ ఉన్నారు. కాబట్టి ప్రపంచ ర్యాంకు కావాలంటే కలిసిన జట్టుగా వెళ్లవలసిందే. మీకిది మొదటి పోటీ, అందులో మహిళల విభాగం ఉన్నది, అలాంటప్పుడు పటం కోసమని ఒక మగమనిషిని వెతుక్కోవడం నాకు అసలు నచ్చని సలహా.

నేను రెండుసార్లు ముగ్గురు మగవాళ్లతో కలిసి వెళ్లాను. వాళ్లు మంచివాళ్లే, నా సంచీలో బరువు కూడా తీసుకున్నారు, కానీ రెండు పోటీల్లోనూ పటం ఒక్కసారైనా నా చేతికి రాలేదు. మూడోసారి మహిళల జట్టుతో వెళ్లినప్పుడే పటం సంచీ నా మెడలో పడింది. ఆ రాత్రి ఒక వంక చీలే చోట తప్పుదారి పట్టి గంటన్నర పోగొట్టాను. అయినా ఆ గంటన్నరలో నేర్చుకున్నది అంతకుముందు రెండు పోటీల్లో నేర్చుకోలేదు.

సర్వే ఆఫ్ ఇండియా వారి పటాలు వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో దొరుకుతాయి. 1:50,000 కొలత పటంలో 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు, ఎత్తు గీతలు సాధారణంగా 20 మీటర్లకొకటి. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు, ఎడమెడంగా ఉంటే మెల్లని వాలు. గీత మొన ఎత్తువైపు తిరిగి ఉంటే అది వంక, పల్లం వైపు తిరిగి ఉంటే గట్టు వీపు. ఈ ఒక్క తేడా చీకట్లో తడుముకోకుండా గుర్తుపట్టగలిగితే సగం విద్య వచ్చినట్టే. కాలం అంచనాకు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకొక గంట అన్న పాత లెక్క నేటికీ పనికొస్తుంది: 6 కిలోమీటర్ల దూరం, 300 మీటర్ల ఎక్కుడు ఉంటే 72 నిమిషాలకు 30 కలిపి 102 నిమిషాలు. ముళ్లపొదల్లో, రాత్రిపూట, సంచీ బరువుతో మీ జట్టుకు దాని మీద ఎంత అదనంగా పడుతుందో పదిసార్లు రాసిపెట్టుకుంటే, దారి తప్పామని గంట తర్వాత కాక పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. దిక్సూచి ముల్లుకూ నిజమైన ఉత్తరానికీ మనవైపు, ఉత్తరాఖండ్‌లోనూ, తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు కాబట్టి దాని బెంగ వద్దు. న్యూజిలాండ్ వంటి చోట అది 20 డిగ్రీలు దాటుతుంది, అక్కడ మరిచిపోతే వేరే లోయలో తేలుతారు.

పటం ఇద్దరు చూడాలి. ఒకరు దారి చెబుతూ ఉంటే రెండో మనిషి, ‘ఇప్పుడు ఎడమచేతి వైపు గుట్ట కనబడాలి, కనబడుతున్నదా?’ అని అడుగుతూ ఉండాలి. మేము కర్నూలు పక్కన జగన్నాథ గట్టు మీద చీకట్లో ఇదే సాధన చేసేవాళ్లము.

రెండో జవాబు (కడప నుంచి)

అక్కా, నేను ఫిజియోథెరపిస్టును, ఇలాంటి పోటీల్లో మూడుసార్లు పాల్గొన్నాను. మీ మూడు ప్రశ్నలకన్నా ఆ మోకాలి మాటే నన్ను ఎక్కువ పట్టుకున్నది, ఎందుకంటే మా జట్టును ముంచింది కూడా అలాంటి మౌనమే, అప్పుడు మౌనంగా ఉన్నది నేను. రెండో రోజు మధ్యాహ్నం నా కుడి మడమ మీద మంట మొదలైంది. ఆగి, బూటు విప్పి, ఇసుక దులిపి, టేపు వేసుకోవడానికి నాలుగు నిమిషాలు చాలు. ముందు నడుస్తున్న అక్క వేగం చూసి అడగడానికి మొహమాటపడ్డాను. తెల్లవారుజామున సైకిళ్ల దగ్గరికి చేరి మేజోడు లాగితే మడమ తోలు దాంతోపాటే ఊడి వచ్చింది. ఇంకా రెండు రోజుల దారి మిగిలి ఉండగానే నలుగురమూ ఆగిపోయాము.

మన ఇళ్లలో ఓర్చుకునే పిల్లనే మంచి పిల్ల అంటారు. నాలుగు రోజుల పోటీలో ఆ ఓర్పు మిగిలిన ముగ్గురికీ అన్యాయం చేస్తుంది, ఎందుకంటే జట్టు వేగమంటే ఆ గంటకు అందరికన్నా వెనుకబడిన మనిషి వేగమే, ఆ మనిషి ఎవరో తెలియకపోతే ఎవరి బరువు ఎవరు మోయాలో కూడా తెలియదు. అందుకని మేము తర్వాత ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. గంటకొకసారి నడుస్తూనే ప్రతి మనిషీ పాదాలు, కడుపు, నీళ్లు, మనసు అని నాలుగింటికి పదికి ఎన్ని మార్కులో చెప్పాలి. ‘బాగున్నాను’ అన్న మాట నిషేధం. దేనికైనా ఐదుకు తగ్గితే వాదన లేకుండా ఆ మనిషి సంచీలోని బరువు వేరొకరి వీపు మీదికి మారిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కెప్టెన్ ముందు తన తక్కువ మార్కు చెప్పాలి. మీరు టీచరు, ఒకరు మీ విద్యార్థిని. మీ నోట ‘నాకు కడుపు నాలుగు’ అన్న మాట రాకపోతే ఆ పిల్ల నోట ఎన్నటికీ రాదు.

మీ పాదాలు రెండో రోజుకు ఉబ్బుతాయి కాబట్టి బూట్లు అర సైజు పెద్దవి తీసుకోండి. వాగు దాటిన ప్రతిసారీ కాకపోయినా, ఆగి కూర్చున్న ప్రతిసారీ మేజోళ్లు తీసి పాదాలు ఆరబెట్టండి.

ఇంకొక మాట చాలామంది బయటికి అనరు. మరుగు దొరకదని ఆడవాళ్లు నీళ్లు తాగడం తగ్గించుకుంటారు, బడిలో పిల్లలు అలా చేయడం మీరు రోజూ చూస్తూనే ఉంటారు. పోటీలో అలా చేస్తే రెండో రోజుకు మూత్రంలో మంట, మూడో రోజుకు జ్వరం. పొద కనబడితే ‘ఆగండి’ అనడం సాధనలోనే అలవాటు కావాలి. నెలసరి ఆ నాలుగు రోజుల్లోనే రావచ్చు. తడిసిన ప్యాడు తొడలను ఒరుసుకుపోయేలా చేస్తుంది, వాగుల్లో దిగేవాళ్లకు మెన్స్ట్రువల్ కప్ మేలు, 8 నుంచి 12 గంటల వరకు ఉంచుకోవచ్చు. అయితే దానికి శరీరం అలవాటు పడాలి కాబట్టి ఇప్పటినుంచే రెండు మూడు నెలలు వాడి చూడండి.

ఒట్టి నీళ్లే అదేపనిగా తాగవద్దు. చెమటలో ఉప్పు పోతూ కడుపులోకి నీళ్లు మాత్రమే చేరుతుంటే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, చివరికి మతి తప్పడం దాకా వస్తుంది. వేలి ఉంగరం బిగుసుకుంటున్నదంటే అనుమానించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన 20.5 గ్రాముల ఓఆర్‌ఎస్ పొట్లం సరిగ్గా లీటరు నీళ్లకు. సగం లీటరులో కలిపితే చిక్కబడి కడుపు తిప్పుతుంది. తిండికి మన బుడ్డల ఉండలకన్నా మంచివి కొట్లో కొనలేరు, కానీ మూడో రోజుకు తీపి మొహం మొత్తుతుంది. ఉప్పూ కారం వేసిన బొరుగులు కూడా కట్టుకోండి.

మూడో జవాబు (ప్రొద్దుటూరు నుంచి)

అమ్మా, నేను రిటైరైన తర్వాత సైకిలు పట్టినవాణ్ణి, ఆ ఒక్క విషయమే చెబుతాను. మన బాటల మీద పల్లేరు కాయలున్నంత కాలం మామూలు ట్యూబుతో సాధన సాగదు. ఒకసారి ముద్దనూరు బాటలో ఆగి చూస్తే నా ముందు టైరులో పదకొండు ముళ్లు దిగి ఉన్నాయి. ట్యూబులెస్ టైర్లలో సీలెంట్ (ముల్లు దిగిన రంధ్రాన్ని మూసే ద్రవం) పోయించుకోండి, అయినా చీకట్లో టార్చి వెలుతురులో ట్యూబు మార్చడం నలుగురికీ వచ్చి ఉండాలి. ముళ్లు పీకడానికి చిన్న పట్టకారు మరవకండి.

వేగాల తేడాకు తాడు ఉన్నది. బలమైన మనిషి సీటు వెనుక సాగే తాడు కట్టి, అలసిన మనిషి హ్యాండిలుకు తగిలించడం ఈ పోటీల్లో మామూలే. ఎక్కుడులో నడిచేటప్పుడు కూడా సంచీకి సంచీ కట్టుకుంటారు. దిగుడులో మాత్రం వెంటనే విప్పేయాలి. లాగించుకోవడం నామోషీ అనుకోకుండా ఒంట్లో బాగున్నప్పుడే వంతులవారీగా లాగడం, లాగించుకోవడం అలవాటు చేసుకోండి.

నీళ్ల సంగతికి వస్తే, గండికోటలో సాహస క్రీడల అకాడమీ ఉన్నది, అడిగి చూడండి; పెన్నా లోయ గోడలు తాడు సాధనకూ బాగుంటాయి. లైఫ్ జాకెట్ లేకుండా, తెలిసిన మనిషి ఒడ్డున లేకుండా ఏ రిజర్వాయరులోనూ దిగవద్దు. కర్నూలు చెల్లెమ్మ రాత్రి సాధన గురించి చెప్పింది బాగుంది గానీ, ఆ ఉత్సాహంలో నల్లమలలోకో లంకమలలోకో వెళ్లవద్దు. అక్కడ అటవీశాఖ అనుమతి తప్పనిసరి, చిరుతలూ ఎలుగుబంట్లూ తిరిగే వేళకు మనం తిరగకూడదు. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం కోట కొండలు మీకు చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మగమనిషి మాట ఇంతటితో వదిలేశాము, పటం బ్యాంకు అమ్మాయికీ నాకూ. నిద్ర గురించి ఒక్క మాట చెప్పండి. నాలుగు రాత్రుల్లో ఎంత పడుకోవాలి?

మొదటి జవాబు రాసినవారు

టీచరు గారూ, మొదటి రాత్రి పడుకోకుండా గడపవచ్చు. రెండో రాత్రి నుంచి మాత్రం రెండు గంటలకూ నాలుగు గంటలకూ మధ్య కాళ్లు కదులుతున్నా మెదడు పనిచేయదు. పొద మనిషిలా కనబడుతుంది, పటంలోని గీతలు కదులుతాయి. ఆ వేళ తప్పుదారిలో రెండు గంటలు తిరిగేకన్నా గంటన్నర పడుకోవడం లాభం. మిగతా సమయంలో కునుకు ముంచుకొస్తే పదిహేను ఇరవై నిమిషాలు చాలు. అయితే పటం చూసే ఇద్దరి నిద్రకే జట్టులో మొదటి హక్కు.

ఉగాదికి ముందు కర్ణాటక భక్తులు మా ఊరి మీదుగా ఆత్మకూరు, వెంకటాపురం దాటి అడవిలో పడి శ్రీశైలం నడిచి వెళతారు, వాళ్లలో యాభై అరవై ఏళ్ల అమ్మలు ఎందరో. అన్నదానం పందిట్లో వడ్డిస్తూ ఏటా గమనిస్తాను: ఎండ ముదరక ముందే చెట్టు కింద చేరతారు, ఒకరి పాదాలు ఒకరి ఒళ్లో పెట్టుకుని చూసుకుంటారు, కొంగు మొహాన కప్పుకుని అక్కడికక్కడే నిద్రపోతారు, చల్లబడగానే ఎవరూ పిలవకుండానే లేస్తారు. మీ జట్టును ఒకసారి తీసుకువచ్చి ఒక పూట వాళ్లతో కూర్చోబెట్టండి.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

శనివారం రాత్రి గుత్తి కొండ మీద మళ్లీ సాధన చేశాము. మొదటి గంటలో అందరూ ఎనిమిది, తొమ్మిది అన్నారు. రెండో గంటలో నేను ‘నాకు కడుపు నాలుగు’ అన్నాను, అది నిజమే, సాయంత్రం తిన్న ఉగ్గాని పడలేదు. కాసేపటికి మా నర్సు ‘మోకాలు ఐదు, దిగుడులో మూడు’ అన్నది. ఆమె సంచీలోని తాడూ రెండు లీటర్ల నీళ్లూ పెనుకొండ అమ్మాయి మాట్లాడకుండా తీసుకుంది. తెల్లవారుజామున ఆ అమ్మాయే, మేమెవ్వరమూ ఊహించని విధంగా, ‘మనసు మూడు, చీకట్లో దిగాలంటే నాకు భయం మేడమ్’ అన్నది. ఇన్నేళ్లు ఆమె ముందు పరిగెత్తడమే చూశాను, వెలుతురులో తప్ప చూడలేదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు దిగుడులో ఆమెను మధ్యలో నడిపిస్తున్నాము. ఈ నెలాఖరున గండికోటకు వెళ్లి కయాక్ సంగతి కనుక్కుంటాము. అక్కడ నేర్చుకున్నవారుంటే ఏ నెలలో నీళ్లు నిలకడగా ఉంటాయో చెప్పగలరు.