సమస్య: మూగవోయినంత మ్రోగె పాట

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి నాలుగో పాదం సమస్యగా ఇచ్చాను, మిగతా మూడు పాదాలు రాసి పూరించండి. అంశం అమెరికా గాయని, గీతరచయిత్రి ట్రేసీ చాప్‌మన్ తొలినాళ్ళు, ఆమెకు పేరు వచ్చిన తీరు. మూగవోయాక మోగడం ఎలాగన్న చిక్కును ఆమె జీవితంలోంచే విప్పాలి. గిటారును మాత్రం వీణగా మార్చకండి.

మొదటి పూరణ:

స్టీవి వండరంత చింతతో వెళ్ళగా
స్వరములున్న పెట్టె సభకు రాక
ఆరు తీగలూని యా పిల్ల నిలువగా
మూగవోయినంత మ్రోగె పాట

1988 జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో, చెరసాలలో ఉన్న మండేలా 70వ పుట్టినరోజు కోసం జరిగిన కచేరీ ఇది. చాప్‌మన్ అంతకుముందే పాడి దిగిపోయారు. గాయకుడు స్టీవీ వండర్ వాడే సింక్లావియర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యానికి కావలసిన హార్డ్ డిస్క్ కనిపించక ఆయన పాడకుండానే వెళ్ళిపోతే, ఆ ఖాళీలోకి ఆమెను మళ్ళీ పిలిచారు. చేతిలో ఒక్క గిటారు. పాడింది ‘ఫాస్ట్ కార్’.

స్పందన: స-చ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే జత అక్షరం) చక్కగా చెల్లింది. కానీ మూగవోయినది ఏది? కర్త లేదు. సమస్యకు ప్రాణం అక్కడే ఉంది. మూడో పాదం ఇలా మార్చి చూడండి: ‘ఆమె చేతి తీగ లాడెను, యంత్రమ్ము’. అప్పుడు యంత్రం మూగవోతుంది, పాట మోగుతుంది.

రెండో పూరణ:

అమ్మ కొన్న చిన్ని యా నాల్గు తీగలే
మూడు వత్సరముల ముద్దు బొమ్మ
పేద తల్లి మాట పెదవిపై నాగి తా
మూగవోయినంత మ్రోగె పాట

స్పందన: మొదటి రెండు పాదాలు ఎంతో ముచ్చటగా ఉన్నాయి. ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లండ్‌లో 1964లో పుట్టిన ఆ బిడ్డకు మూడేళ్ళప్పుడు తల్లి ఉకులేలే అనే చిన్న గిటారులాంటి వాద్యం కొనిచ్చింది. దానికి నాలుగే తీగలు. ఆ లెక్క తప్పకపోవడం నాకు నచ్చింది. ఎనిమిదేళ్ళకు గిటారు పట్టి సొంత పాటలు కట్టింది. అయితే చేతిలో డబ్బు ఆడని రోజుల్లో కూడా బిడ్డకు వాద్యం కొన్న తల్లి ఆమె. ఆ తల్లిని సమస్య కోసం మూగను చేయడం నాకు బాధ కలిగించింది. పద్యం నిలవడానికి మనిషిని తగ్గించకూడదు.

మూడో పూరణ:

రైలు వచ్చి పోవు రణగొణధ్వనిలోన
పాట మునుగ వేచి పడతి నిలిచె
నేల కింది యరుగు నెక్కి గిటారుతో
మూగవోయినంత మ్రోగె పాట

టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదువుతూ ఆమె హార్వర్డ్ స్క్వేర్‌లోనూ, బోస్టన్ నగరపు రెడ్ లైన్ మెట్రో రైలు ప్లాట్‌ఫారాల మీదా పాడేవారు. రైలు కదిలిపోయి రొద అణిగిన ఆ కాస్త సేపే పాటకు చోటు.

స్పందన: ఊహ అద్భుతం. కానీ ‘రణగొణధ్వని’ వైరిసమాసం: తెలుగు మాటకు సంస్కృతపదం అతికింది. విడదీస్తే ‘ణ’ లఘువైనా (పొట్టి అక్షరమైనా) గణం చెడదు, దోషమల్లా సమాసంలోనే.

నిర్వాహకుడు: ఆక్షేపణ సరైనదే. అయినా నా ఓటు ఈ పూరణకే. వెంబ్లీ సంగతి అందరికీ తెలుసు. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన తొలి ఆల్బమ్ ఆగస్టులో అమెరికా జాబితాలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడు మూడు గ్రామీ సంగీత పురస్కారాలు వచ్చాయి. హార్డ్ డిస్క్ పోవడం దైవికం. కానీ అంతటి జనం ముందు ఒంటరి గిటారుతో నిలబడే నిబ్బరం ఒక్క పూటలో వచ్చేది కాదు, ఈ రైలు అరుగుల మీదే అలవడి ఉంటుంది. మొదటి పాదం సవరించి పంపండి.

మూడో పూరణ, సవరణతో:

రైలు వచ్చి పోవు రాకాసి రొదలోన
పాట మునుగ వేచి పడతి నిలిచె
నేల కింది యరుగు నెక్కి గిటారుతో
మూగవోయినంత మ్రోగె పాట

నిర్వాహకుడు: ‘రాకాసి రొద’ అచ్చతెలుగు, గణమూ యతీ కుదిరాయి. స్వీకరించాను.