"సుంగ్" అన్న మాటకి తెలుగు ఏమిటి? వదులా, సడలింపా?

సింగపూర్‌లో మా బ్లాకు కింద పొద్దున్నే తాయ్ చీ (నెమ్మది కదలికలతో చేసే చైనా సాధన) నేర్పుతారు. ఆర్నెల్లుగా వెళ్తున్నాను. ఈమధ్య మా అత్తయ్య కూడా వస్తున్నారు. ఆవిడకి తెలుగు తప్ప మరో భాష రాదు. మాస్టరేమో చైనీసులో పదే పదే ఒకటే మాట అంటారు: "సుంగ్, సుంగ్". మొదటిరోజు అత్తయ్య నా చెవిలో, "సొంగేమిటే, ఎవరికి కారుతోంది?" అన్నారు.

"వదులుగా ఉండమంటున్నారు" అన్నాను. ఆవిడ మోకాళ్ళూ నడుమూ అన్నీ వదిలేసి దండెం మీది తడిబట్టలా వాలిపోయారు. మాస్టరు కంగారుపడి వచ్చి పట్టుకున్నారు. అప్పట్నుంచీ సరైన మాట కోసం వెతుకుతున్నాను.

ఆ అక్షరంలో పైన జుట్టు గుర్తు, కింద పైన్ చెట్టు గుర్తు ఉంటాయి. చెట్టు ఉచ్చారణ కోసం, జుట్టు అర్థం కోసం. బిగించి కట్టని జుట్టు అన్నమాట. "సడలిన కొప్పు" అంటామే, అది గుర్తొచ్చింది. పేరున్న తాయ్ చీ గురువు యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) రోజూ ఈ మాటే పోరేవారని ఆయన శిష్యుడు జెంగ్ మాన్‌చింగ్ రాశారు. అంటే అక్కడ పుట్టినవాళ్ళకీ ఇది ఒకసారి చెబితే ఎక్కేది కాదు.

ఇంకో మాట కూడా ఉంది. కదలికలకి ముందు మాస్టరు మమ్మల్ని పావుగంట ఊరికే కూర్చోబెడతారు. అది చైనా ప్రాచీన తత్వమైన తావో మార్గంలోని "జువో వాంగ్". కూర్చుని మరవడం. ఆ మార్గపు పాత గ్రంథం జువాంగ్‌జీ ఆరో అధ్యాయంలో యాన్ హుయ్ తన గురువు కన్ఫ్యూషియస్‌తో "నేను కూర్చుని మరిచిపోతున్నాను" అంటాడు. గురువు ఉలిక్కిపడి అదేమిటని అడిగితే, కాళ్ళూ చేతులూ జారవిడిచి, చూపునీ వినికిడినీ పక్కనబెట్టి, ఒంటినీ తెలివినీ వదిలి ఆ మహామార్గంతో ఒకటి కావడం అంటాడు. ఇది చదవగానే నాకు తట్టిన మాట మైమరపు. మై అంటే ఒళ్ళే కదా!

మీరేమంటారు?

జవాబు: అమ్మా, పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి చెబుతూ "ప్రయత్నశైథిల్యం" అన్నాడు (2-47). సుంగ్‌కి అంతకంటే దగ్గరి మాట దొరకదు.

జవాబు (అడిగినామెను నేనే): అయ్యా, అర్థం సరిపోయింది. కానీ సంస్కృతంలో శిథిలమంటే వదులు, తెలుగులో శిథిలమంటే కూలిన గోడ. మా అత్తయ్యతో "శిథిలం కండి" అంటే ఇంట్లో అన్నం పుట్టదు.

జవాబు: గింత లొల్లెందుకక్కా, "జెర లూజు ఇడువు" అంటే అయిపాయె.

జవాబు: లూజు అంటే మళ్ళీ తడిబట్టే తమ్ముడూ. మా నాన్న బండి తోలేటప్పుడు పగ్గం సడలించేవాడు, వదిలేసేవాడు కాదు. సడలించిన పగ్గం చేతిలోనే ఉంటుంది. ఎడ్లకి ముక్కు నొప్పి ఉండదు, దారీ తప్పవు. నా ఓటు సడలింపుకి.

జవాబు: పగ్గం మాట బాగుంది. దానికి జోడుగా ఇంకోటి. యాంగ్ చెంగ్‌ఫు చెప్పిన పది సూత్రాల్లో ఒకటి "మనసు వాడు, బలం వాడకు". ఇక్కడ బలం అనకుండా "లావు" అంటే? పోతన గజేంద్రుడు "లావొక్కింతయు లేదు" అన్నది బలం గురించే, ఒంటి కొవ్వు గురించి కాదు. "మనసు పెట్టు, లావు పెట్టకు."

జవాబు: ఈ రోజుల్లో లావు పెట్టకు అంటే డైటింగ్ అనుకుంటారండీ. అది పక్కనబెడితే, మైమరపు మీద నాకు అభ్యంతరం ఉంది. పాట విని మైమరిచిపోయాం అంటాం. అది పరవశం. జువో వాంగ్‌లో పరవశం లేదు, మెలకువ ఉంది. ఒళ్ళు మరిచినా ఏమరకూడదు. మైమరపు, ఏమరుపాటు రెండింట్లోనూ ఉన్నది మరపే అయినా ఇక్కడ ఒళ్ళు మరవడం వరకే కావాలి, పరవశమూ ఏమరుపాటూ రాకూడదు. ఇంకోమాట: తాయ్ చీలో "చీ"ని చాలామంది ఊపిరి అనుకుంటారు. ఆ చీ వేరు. ఇది "జీ", అంటే కొస. మొదటి అర్థం ఇంటికప్పు కొప్పున పోయే దూలం.

జవాబు (అడిగినామెను నేనే): ఏమరుపాటు మాట నాకు బాగా పనికొచ్చింది. కూర్చున్నప్పుడు నేను గమనించింది చెబుతాను. భుజం బిగుసుకునే ముందు ఏదో ఒక ఆలోచన వస్తుంది. ఆఫీసు మెయిలో, పక్కామె నాకంటే బాగా చేస్తోందనో. ఆలోచన ముందు, బిగువు వెనక. నిలబడి కదులుతున్నప్పుడు ఆ వరుస కనబడేంత తీరిక ఉండదు, కాబట్టి భుజాన్ని తిడుతూ ఉంటాం. కూర్చుని పట్టుకోవడం అలవాటయ్యాక, ఇద్దరం ఎదురెదురుగా చేతులు ఆనించి చేసే సాధనలో కూడా "ఓడిపోతానేమో" అన్న తలపు రావడం తెలుస్తోంది. అది తెలిస్తే మోచెయ్యి తనంతట తనే దిగుతుంది. నాకు ఆర్నెల్ల కదలికలు నేర్పనిది ఈ పావుగంటలే నేర్పాయి.

ఇక మాట సంగతి. తాంగ్ కాలపు తావో గురువు సిమా చెంగ్‌జెన్ (647–735) జువో వాంగ్ మీద రాసిన గ్రంథంలో ఏడు మెట్లు చెప్పాడు. ఆరోది "తాయ్ దింగ్". ఇక్కడి "తాయ్" అక్షరం కూడా తాయ్ చీలోది కాదు, నెమ్మది అని దీని అర్థం. దింగ్ అంటే కదలకుండా నిలవడం. నిన్న ఇదంతా అత్తయ్యకి చెబుతూ ఉంటే మధ్యలోనే అందుకున్నారు: "కుదురుగా ఉండమంటున్నాడా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

బిందె కింద పెట్టే కుదురు చూసిన మనిషి ఆవిడ. ఇవాళ పొద్దున మాస్టరు సుంగ్ అనగానే ఆవిడ పాదాలు చూసుకున్నారు. భుజాలు దిగాయి, నడుం వాలలేదు. మాస్టరు ఈసారి ఆవిడ దగ్గరికి రాలేదు, నా దగ్గరికొచ్చారు.