మెడచన్ను గుడువంగానా, కుడువంగానా?

మా చెల్లెలికి చంకలో చిన్న ఉబ్బు. కాన్పయ్యాక పెరిగితే బిళ్ళ కట్టిందనుకున్నాం. సూది పరీక్షలో తేలింది: అక్కడున్నది అదనపు రొమ్ము కణజాలం, అందులో ఫైబ్రోఅడినోమా అనే ముద్ద. క్యాన్సర్ కాదు. అమ్మకు తెలుగులో చెప్పబోతే మాట అందలేదు. 'మేక కుత్తుక బట్టి మెడచన్ను (మేక మెడకు చన్నులా వేలాడేది)...' అనే వేమన పాదం మాత్రం అప్పట్నుంచీ నాలుక మీదే ఉంది. 'చంకచన్ను' అనొచ్చా? పాదం చివర ఏమిటి?

తెనాలి మాస్టారు: కుత్తుక కాదమ్మా, కుతిక. ఆటవెలదిలో అక్కడ సూర్యగణం పడాలి. కుతిక నగణం (మూడూ లఘువులే), సరిపోయింది. కుత్తుక భగణం (గురువు, రెండు లఘువులు), పొసగదు. చివర 'గుడువంగ'.

కరీంనగర్ నుంచి: మా నాయనమ్మ 'కుడువంగ' అనే చదివేది సార్. గణం రెండింటికీ ఒకటే గదా.

తెనాలి మాస్టారు: గణం ఒకటే, సంధి ఒప్పుకోదు. 'చన్ను' ప్రథమలో ఉంది. ప్రథమ మీది పరుషానికి గసడదవలు, అంటే 'క' కాస్తా 'గ' అవుతుంది.

కరీంనగర్ నుంచి: ఆ సూత్రంలనే చిన్నయసూరి 'బహుళంబుగా' అన్నడు సార్, అంటే అన్నిచోట్ల రావాలని లేదు!

డాక్టరమ్మ: నా పేచీ పోలికతోనే. మేక మెడకు వేలాడేదాంట్లో పాలగ్రంథి ఉండదు. చంకలోది అసలైన రొమ్ము కణజాలం. పిండంలో చంక నుంచి గజ్జ దాకా పాలగీత ఏర్పడి, ఛాతీ దగ్గర తప్ప చెరిగిపోవాలి. ఎక్కడైనా మిగిలితే నెలసరికి సలపొచ్చు, గర్భంతో ఉబ్బొచ్చు. రొమ్ముకొచ్చే జబ్బులన్నీ దానికీ రావచ్చు. ఫైబ్రోఅడినోమా వేలికింద గట్టిగా, జారుతూ తగులుతుంది. కొవ్వుగడ్డ అని వదిలేసేవాళ్ళున్నారు. అక్కడ క్యాన్సరూ రావచ్చు కనుక స్కానింగ్ మానకూడదు. మీరు పరీక్ష చేయించి మంచిపని చేశారు.

అడిగినామె: 'కణితి' అనగానే అమ్మ ఏడ్చేసిందండీ. గడ్డ అన్నాను.

డాక్టరమ్మ: గడ్డంటే చీము గుర్తొస్తుంది, పసుపు పట్టీ వేసేస్తారు. 'కంతి' అనండి, 'చెడ్డది కాదు' అని వెంటనే చేర్చండి.

తెనాలి మాస్టారు: పద్యంలో తర్వాతి పాదం 'ఆకలేల మాను నాశగాక'. లోభిని అడిగితే లాభం లేదని చెప్పడానికి ఆకలిగొన్నవాడి నోరు మేక మెడకు ఆనించాడు! 1829లో బ్రౌన్ దొర అచ్చువేయించకపోతే వేమన మనకెంత మిగిలేవాడో. నేను మాత్రం గకారం వదలను.

కరీంనగర్ నుంచి: నాయనమ్మ చదివిన పద్యాల క్యాసెట్ అటక మీద ఉన్నది. దించి, విని చెప్త.