సీసం పాత ధరలో దారి ఖర్చెంత, సుంకమెంత?

కడప_పాతదారులు:
జంగంరాజుపల్లెలో పాత సీసం గుంతలు చూసొచ్చాను. ఎప్పుడో మనుషులు చేత్తో తవ్వినవి. అప్పటి నుంచి ఒకటే ఆలోచన. మన జిల్లాలోనే సీసం ఉండగా, కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) ఇంగ్లండు నుంచి ఓడల్లో తెచ్చి అమ్మితే ఎలా గిట్టింది? మీరు విన్నవి, చదివినవి చెప్పండి.

బ్యాటరీ_షాపు_కర్నూలు:
చరిత్ర తెలియదు కానీ సీసం బరువు తెలుసన్నా. లీటరు సీసా పట్టేంత సీసం పదకొండు కిలోల పైనే. పెరిక ఎద్దు, అంటే వీపు మీద మూటలు మోసే ఎద్దు, వంద కిలోలు మోస్తుందనుకుంటే పది లీటర్ల బక్కెట్ కూడా నిండదు. టన్నుకు పది ఎద్దులు, వాటికి మేత, తోలేవాళ్లకు తిండి. పట్టుబట్టలకైతే ఆ బాడుగ లెక్కలోకి రాదు, సీసానికి మాత్రం నడుం విరిగిపోతుంది.

దత్తమండలం:
దానికి తోడు సాయరు, అంటే దారిలో సరుకు మీద వేసే సుంకం. 1800లో నిజాం మన జిల్లాలను కుంఫిణీకి ఇచ్చాడు, 1807 దాకా మన్రో కలెక్టరు. దారిలో సుంకం ఠాణా దగ్గర మూట దించాలి, తూకం వేయించాలి, కట్టాలి. చాలాచోట్ల ఆ వసూలు గుత్తకిచ్చేవాళ్లు. కర్నూలేమో 1839 దాకా నవాబుది, అంటే కడప సరుకు అక్కడికి పోవాలంటే ఇంకో రాజ్యం పొలిమేర దాటాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ దారి సుంకాలు ఎత్తేసింది 1844లో.

మా జేజినాయన ఎద్దుల బండి తోలేవాడు. బాడుగ మాట్లాడేటప్పుడు బరువు కంటే ముందు దారి అడిగేవాడట. కనుమ ఎక్కాలంటే ఇంకో జత ఎద్దులు కట్టాలి, ఆ ఖర్చు వేరే.

గుత్తి_కోట:
ఇంగ్లండులోనూ పన్నులు తక్కువేం కాదు. డెర్బీషైర్ గనుల్లో ప్రతి పదమూడో కొలపాత్ర ఖనిజం రాజుది, చర్చికి పదో వంతు, కొనేవాడు బస్తాకింత అని వేరే కట్టాలి. అయితే గుర్రాల మీద బాట్రీ రేవు దాకా తెస్తే చాలు, అక్కడి నుంచి హల్ రేవు వరకు పడవలే. సముద్రం మీద ఓడ ఒరగకుండా అడుగున ఎలాగూ బరువు కావాలి కాబట్టి సీసం అక్కడే వేసేవాళ్లు. నా లెక్కలో తేడా పన్నులో లేదు, నీళ్లలో ఉంది.

మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం చూడండి. ఎగుమతి దిగుమతులపై ముప్పయ్యో వంతు సుంకం, సరుకుల్లో సీసం పేరు కూడా ఉంది. రేవులో ఒక్కసారి కడితే సరి. మన దారుల్లో అలా కాదు కదా!

కడప_పాతదారులు:
నీళ్లంటే గుర్తొచ్చింది, మన కేసీ (కర్నూలు-కడప) కాలువను సాగునీటికే కాక పడవలు నడవాలని కూడా తవ్వారు. కానీ అది 1860లలో. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు, బొంబాయి రైలు దారులు కలిసిపోయాయి. కనుమలు దాటే ఎద్దులతో ఆ రెండింటికీ పోటీ ఎక్కడ?

ఎవరింట్లోనైనా కోమట్ల పాత కడితాలు (లెక్కల పుస్తకాలు) ఉంటే దయచేసి పారేయకండి, బాడుగ పద్దులు వాటిలోనే దొరుకుతాయి. ఆదివారం కడప బ్రౌన్ లైబ్రరీలో మెకంజీ కైఫీయత్తులు (ఆయన రాయించిన ఊళ్ల చరిత్రలు) చూసి, ఠాణాలున్న ఊళ్ల పేర్లు దొరికితే ఇక్కడే రాస్తాను.