అప్‌డేట్: డాష్‌బోర్డ్‌లో టకటక చప్పుడు సంగతి తేలింది

కారు స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డ్ లోపల టకటకమని కొట్టుకుంటోందని, డాష్ మొత్తం విప్పాలంటున్నారని అడిగాను కదా.

మీలో ఒకరు చెప్పినట్టు ఏసీ ఫ్యాన్ బాగా తగ్గించి ఒక్కో బటన్ నొక్కి చూశాను. టెంపరేచర్ మారిస్తే చప్పుడు లేదు, రీసర్క్యులేషన్‌కీ (కారు లోపలి గాలినే మళ్లీ తిప్పే బటన్) లేదు. గాలిని ముఖం నుంచి కాళ్లవైపు మారిస్తే మాత్రం టక్ టక్ టక్. అంటే మోడ్ యాక్చుయేటరే, గాలి ఎటు పోవాలో మళ్లించే తలుపుని తిప్పే చిన్న మోటారు డబ్బా. స్టీరింగ్ కింద చెయ్యి పెడితే ఆ చిన్న నల్ల డబ్బా అదురుతోంది కూడా. డాష్ విప్పే పనే లేదు!

ఊడదీసి తెరిస్తే లోపలి ప్లాస్టిక్ గేరుకు ఒక పక్క పళ్లు అరిగిపోయి ఉన్నాయి. మోటారు తోస్తుంటే అక్కడ జారిపోతోంది. కొత్తది బిగించే ముందు గాలి మళ్లించే తలుపు షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూడండి. అది పట్టేసి ఉంటే కొత్త గేరూ మిగలదు. నాది సాఫీగానే తిరిగింది. స్క్రూడ్రైవర్ తిప్పడానికి చోటు లేక నా మోచెయ్యి గీసుకుపోయింది, అది వేరే సంగతి.

కొత్తది బిగించాక బ్యాటరీ నెగటివ్ వైరు కాసేపు తీసి పెట్టాను. మళ్లీ ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఆ గాలి తలుపు ఈ చివర నుంచి ఆ చివరకు తనే తిరిగి సెట్ అయింది. కొన్ని కార్లకు ఇలా సెట్ చేయడానికి స్కానర్ (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) కావాలి. రేడియో స్టేషన్లు మాత్రం మళ్లీ పెట్టుకోవాలి.