మేనేజ్‌మెంట్ కోటా సీఎస్‌ఈనా, బీఎస్సీ చేస్తూ అమీర్‌పేటనా?

తమ్ముడి అక్క:
మా తమ్ముడికి ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకి కన్వీనర్ కోటాలో సీఎస్‌ఈ రాదు. సివిల్ వస్తుంది, వాడికి ఇష్టం లేదు. అర ఎకరం అమ్మైనా మేనేజ్‌మెంట్ సీటు తీసుకుందామని నాన్న పట్టు. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉండదు. బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేర్చి, పక్కన అమీర్‌పేటలో జావా నేర్పిద్దామని నేను. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

బ్యాక్‌లాగ్ బాబాయ్:
పొలం అమ్మకండమ్మా. నేనూ బీటెక్ చేసినవాణ్ణే. మా ల్యాబ్‌లో టర్బో సీ అనే పాత సీ కంపైలర్ (కోడ్‌ని కంప్యూటర్ భాషలోకి మార్చేది), నీలం స్క్రీను. ఫ్యాక్టోరియల్, అంటే 1 నుంచి ఇచ్చిన అంకె వరకూ అన్నీ గుణించే ప్రోగ్రాం రాశాను. 5 ఇస్తే 120 వచ్చింది. ఊరికే 8 ఇచ్చి చూస్తే మైనస్ 25216! సార్‌ని అడిగితే, "రికార్డులో 5కే చూపించు, బయటి నుంచొచ్చే ఎగ్జామినర్ కూడా అదే అడుగుతాడు" అన్నారు. నా నాలుగేళ్ళ చదువూ ఆ ఒక్క మాటే. ఉద్యోగం తెచ్చిపెట్టింది అమీర్‌పేట మైత్రీవనం పక్క సందులో చేసిన మూడు నెలల కోర్సు.

సుద్దముక్క:
మరి ఆ మైనస్ ఎందుకొచ్చిందో మైత్రీవనంలో చెప్పారా? టర్బో సీలో ఇంట్‌కి, అంటే పూర్ణసంఖ్య దాచే చోటుకి, రెండే బైట్లు, 32767 దాటి పట్టదు. 8 ఫ్యాక్టోరియల్ 40320. పట్టనిది చుట్టు తిరిగి, రెండు బైట్లలో ఉండే మొత్తం విలువలు 65536 కాబట్టి అంత తగ్గి, మైనస్‌లో తేలుతుంది. ఇప్పటి కంపైలర్లలో ఇంట్ సాధారణంగా నాలుగు బైట్లు కాబట్టి 12 వరకూ బాగానే వస్తుంది, 13 ఇస్తే మళ్ళీ తప్పే. ఇది కంప్యూటర్ ఆర్గనైజేషన్ పాఠం. మీ సార్ చెప్పలేదంటే అది ఆయన బద్ధకం, సబ్జెక్టుని తిడితే ఎలా? నేనూ లెక్చరర్‌నే, రికార్డుల మీద సంతకాలు పెట్టీ పెట్టీ విసిగినవాణ్ణి.

బ్యాక్‌లాగ్ బాబాయ్:
చెప్పలేదు, ఒప్పుకుంటా. ఉద్యోగంలో చేరాక పైసల్లో లెక్కేసే బిల్లింగ్ కోడ్‌లో సరిగ్గా ఇదే తప్పు దొరికింది, రెండు రాత్రులు నిద్రలేదు. కానీ సార్, లక్షలు పోశాక మీలాంటివాళ్ళే దొరుకుతారని ఎవరు హామీ ఇస్తారు? చేరేముందు ఆ కాలేజీ ల్యాబ్‌కి ఓసారి వెళ్ళి చూడండమ్మా. పిల్లలు కోడ్ రాస్తున్నారో, రికార్డు కాపీ కొడుతున్నారో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

డాలస్ పిన్ని:
అబ్బాయికి అమెరికా ఆలోచన ఉందా? ఇక్కడ ఎంఎస్‌కి చాలా యూనివర్సిటీలు నాలుగేళ్ళ డిగ్రీ అడుగుతాయి, మూడేళ్ళ బీఎస్సీతో కష్టం. అలాగని బీఎస్సీతో దారి మూసుకుపోదు. ఎంసీఏ 2020 నుంచి చాలా కాలేజీల్లో రెండేళ్ళే కదా. దానికి ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయొచ్చు, ఎన్ఐటీల ఎంసీఏ పరీక్ష నిమ్‌సెట్‌లో మంచి ర్యాంకొస్తే వరంగల్ ఎన్ఐటీలోనే చదవొచ్చు. రెండేళ్ళ ఎంసీఏ అయితే బీటెక్ కన్నా ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, పొలం మిగులుతుంది. నేనైతే ఇదే చేయిస్తాను.

తమ్ముడి అక్క:
అందరికీ థాంక్సండీ. నాన్న ఇంకా మెత్తబడలేదు. తమ్ముడికి మీ మాటలన్నీ చూపించాను. వాడు ఫోన్‌లో ఆన్‌లైన్ కంపైలర్ తెరిచి 13 ఇచ్చాడు. 1932053504 వచ్చింది. "ఇది మైనస్ కూడా కాదు కదక్కా, మరి తప్పని ఎలా కనిపెట్టాలి?" అంటున్నాడు. సుద్దముక్క సార్, కాస్త చెప్పండి. వాడింకా అన్నానికి లేవలేదు.