ఇటలీ ప్రధానిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలా?

తుంగభద్ర:
ఎన్నుకోవాలనే నా వాదన. 2011లో ప్రధాని అయిన మోంటీ, 2021లో ప్రధాని అయిన ద్రాగీ ప్రధాని అభ్యర్థులుగా జనం ముందుకు రాలేదు. అధ్యక్షుడు పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇటలీ రాజ్యాంగం 92వ అధికరణం ప్రకారం అది సక్రమమే. కానీ ఓటు ఒకరిని చూసి వేసి, పాలన మరొకరి చేతిలో చూడాల్సి వస్తే ఆ ఓటుకు విలువేముంది? ప్రధానిని జనమే నేరుగా ఎన్నుకోవాలంటూ 2024 జూన్‌లో ఎగువ సభ సెనేట్ 109–77 ఓట్లతో ఆమోదించిన రాజ్యాంగ సవరణ బిల్లు దీనికే అడ్డుకట్ట వేస్తుంది.

మంజీర:
తుంగభద్ర గారూ, ఆ కట్టకే గండి ఉందండీ. సెనేట్ ఆమోదించిన బిల్లు పాఠం చూడండి. ప్రధాని అవిశ్వాస తీర్మానంలో ఓడితే సభలు రద్దు. తానే రాజీనామా చేస్తే మాత్రం ఏడు రోజుల్లోగా రద్దు కోరవచ్చు. కోరకపోతే అధ్యక్షుడు ఆయన్నే మళ్లీ పిలవవచ్చు, లేదా ఆయన పక్షాన గెలిచిన మరో సభ్యుణ్ని, అదీ ఒక్కసారే. ఈ రెండోవాణ్ని ప్రధానిగా జనం ఎన్నుకోలేదు. అయినా కుర్చీ మొదటివాడికన్నా గట్టిది: అతను పడితే ఎన్నికలే గనక తమ సీటు పోతుందన్న భయంతో సభ్యులు కదలరు. మొదటివాణ్ని సాగనంపాలని చూసే మిత్రపక్షానికి ఇంతకన్నా ఆశ ఏం కావాలి?

తుంగభద్ర:
రద్దు కోరే హక్కు ప్రధాని చేతిలోనే ఉందిగా! ఆ భయమే మిత్రపక్షాలకు కళ్లెం. మన ఫిరాయింపుల చట్టం లాంటిది అక్కడ కుదరదు కూడా. 67వ అధికరణం ప్రకారం సభ్యుడు ఎవరి ఆదేశానికీ బద్ధుడు కాడు.

మంజీర:
గెలుస్తానన్న ధీమా ఉన్న ప్రధానికే అది కళ్లెం. సర్వేల్లో వెనకబడినవాడు రద్దు కోరడు, తప్పుకుంటాడు.

నాగావళి:
అసలు జబ్బు 94వ అధికరణంలో ఉంది. ప్రభుత్వానికి రెండు సభల విశ్వాసమూ కావాలి. ప్రధాని ప్రోదీ 1998లో దిగువ సభలో 312–313తో, అంటే ఒక్క ఓటుతో పడిపోయాడు. 2008లో దిగువ సభలో నెగ్గి, సెనేట్‌లో 156–161తో ఓడాడు. ఆ రెండోసారి ఆయన్ని జనం నేరుగా ఎన్నుకుని ఉన్నా సెనేట్ లెక్క మారేది కాదు. సెనేట్‌కు విశ్వాస ఓటు లేకుండా చేయబోయిన 2016 సవరణను రెఫరెండంలో 59 శాతం మంది తిప్పికొట్టారు, దాన్ని తెచ్చిన ప్రధాని రెంజీ దిగిపోయాడు. నాకు నచ్చేది జర్మనీ పద్ధతి: సభ కొత్త ఛాన్సలర్‌ను, అంటే ప్రభుత్వాధినేతను, ఎన్నుకోకుండా పాతవాణ్ని దింపే వీల్లేదు.

మంజీర:
ఇజ్రాయెల్ 1996లో ప్రత్యక్ష ఎన్నిక పెట్టి, 2001 తర్వాత మానుకుంది. జనం ప్రధానికి ఒక ఓటు, చిన్న పార్టీకి మరో ఓటు వేసి సభను ముక్కలు చేశారు. ఇటలీ బిల్లు దీన్ని గెలిచిన ప్రధాని పక్షానికి అదనపు సీట్లిచ్చి సరిదిద్దుతానంటుంది. అవి దక్కాలంటే ఎంత శాతం రావాలో మాత్రం చెప్పదు. కనీస శాతం లేని అదనపు సీట్లను రాజ్యాంగ న్యాయస్థానం 2014లోనే కొట్టేసింది.

నాగావళి:
ఇంకోటి. రాజ్యాంగ సవరణకు సభల్లో రెండో విడత ఓటింగులో మూడింట రెండొంతుల మెజారిటీ రాకపోతే రెఫరెండం కోరవచ్చు, 138వ అధికరణం. దానికి కనీస పోలింగ్ షరతు లేదు. 2001లో 34 శాతం మందే వచ్చారు, సవరణ నెగ్గింది. ఇక విదేశాల్లోని ఇటాలియన్లకు పార్లమెంటులో 600లో 12 సీట్లే. ప్రధాని ఎన్నికలో వాళ్ల ప్రతి ఓటూ దేశంలోని ఓటుతో సమానమవుతుంది. పోటాపోటీగా ఉన్నప్పుడు ఫలితం ఆ పోస్టల్ కవర్లలో తేలుతుంది. తుంగభద్ర గారూ, దీనికి మీ జవాబేమిటి?